ఒంటిచన్ను కొండ

రేపల్లెకు దగ్గర్లో ఒక హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. కాపురం తెనాలిలో. పొద్దున్నే రేపల్లె పాసింజర్ ఎక్కుతాను, సాయంత్రం అదే దారిన తిరిగొస్తాను. పుట్టి పెరిగింది మాత్రం బాపట్ల అవతల, సముద్రం ఒడ్డున, వేట మీద బతికే ఇంట్లో. ఈ మూడు చోట్ల సంగతీ ముందే చెప్పడానికి కారణముంది. నేను చెప్పబోయే కొండ ఈ మూడింటిలో ఎక్కడి నుంచీ కనపడదు. ఎటు చూసినా వరి మళ్లు, కాలవలు, తాటిచెట్లు. స్టాఫ్ రూమ్‌లో నేను కొండ అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వేవారు.

"డెల్టాలో కొండేంటండీ మేడమ్? వడ్ల రాశి చూసి అనుకున్నారా?"

కొండ ఉంది. పడమట, మెట్ట ప్రాంతంలో, ముళ్ల అడవి మధ్యన ఉంది. బాపట్ల నుంచి రెండు బస్సులు మారి, ఆపైన ఆటో ఎక్కితే గానీ దాని కాళ్ల దగ్గరకు చేరలేం. కానీ మా నాన్న లాంటి వాళ్లు దాన్ని చూడ్డానికి పడమటికి పోలేదు. తూర్పుకి, సముద్రంలోకి పోయారు. వాన వెలిసిన మర్నాడు, గాలిలో దుమ్ము లేనప్పుడు, ఒడ్డూ చెట్లూ అన్నీ నీళ్ల కింద మునిగిపోయినంత దూరం వెళ్లాక, పొద్దెక్కే వేళ వెనక్కి తిరిగి చూస్తే నీటి అంచు మీద నీలంగా ఒక మొన నిలబడి ఉంటుంది.

నాకు పదేళ్లప్పుడు నాన్న నన్ను పడవ ఎక్కించుకున్నాడు. ఆడపిల్లను పడవ ఎక్కించడమేంటని మా నాయనమ్మ ఒడ్డున నిలబడి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. కొండ చూపించమని నెల రోజులు ఆయన ప్రాణం తీశాను మరి. చాలా దూరం పోయాక ఇంజను ఆపి, నా గడ్డం పట్టుకుని మొహం పడమటికి తిప్పాడు.

"చూడు. ఒకటే కనపడతందిగా? ఇక్కడ వల వేస్తే చందువ పడిద్ది. ఒడ్డుకు పోయే కొద్దీ దాని పక్కన ఇంకోటి తేలిద్ది, పొట్టిది. రెండూ కనపడినయ్యంటే ఒడ్డు దగ్గరైనట్టు. ఒక్కటి కూడా కనపడకపోతే మరీ లోతుకు పోయినట్టు. ఇంక తిరిగొచ్చెయ్యాలి."

"దాని పేరేంటి నాన్నా?"

"ఒంటిచన్ను కొండ."

ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఏ తేడా లేదు. తెడ్డు అన్నట్టే, లంగరు అన్నట్టే అన్నాడు. "తల్లి పక్కకు ఒత్తిగిలి బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఒకటేగా కనపడేది. అట్టా అన్నమాట."

తర్వాత నేను చదువుకుని టీచర్నయ్యాను. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దూరంగా పోయే ఓడకు ముందు అడుగుభాగం, చివరికి కొన మాయమవుతాయని పిల్లలకు బొమ్మ గీసి చెబుతూ, ఒకరోజు సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా వాళ్లు చేసింది అదేగా. పొడుగు శిఖరం, పొట్టి శిఖరం, వాటి మధ్య తేడాతో సముద్రం మీద దూరం కొలుచుకున్నారు. కొలిచి, ఆ కొలతను పేరుగా పెట్టి దాచుకున్నారు. ఒక్క అక్షరం రాయడం రానివాళ్లు.

ఇదంతా పుస్తకంలోకి ఎక్కాలని నాకు ఆశ పుట్టింది. అక్కడే తప్పు చేశాను.

బాపట్లలో కొందరు పెద్దమనుషులు కలిసి పెట్టుకున్న ఒక సంఘం, చుట్టుపక్కల వాగులు, కొండలు, ఊళ్ల పేర్ల వెనక ఉన్న కథలతో హైస్కూలు పిల్లలకు ఒక చిన్న పుస్తకం వేద్దామనుకుంది. ఐదుగురు టీచర్లను పిలిచారు. అందులో నేనొకదాన్ని. సంఘం పెద్దాయన రిటైరైన లెక్చరర్. తెనాలి పక్కన బాగా పొలాలున్న కుటుంబం. మాట మెత్తన. కాఫీ ఇప్పించి మరీ మాట్లాడతాడు. నేను ఆరు పేజీలు రాసి, మూడు బొమ్మలు గీసి తీసుకెళ్లాను. ఒకటి ఏమీ కనపడని సముద్రం, ఒకటి ఒక్క శిఖరం, ఒకటి రెండు శిఖరాలు.

ఆయన చదివి, "మీరెప్పుడైనా ఆ కొండ దగ్గరకు వెళ్లారా అమ్మా?" అన్నాడు.

"లేదండి."

"మరి దూరం నుంచి చూసి రాస్తే ఎలా?"

న్యాయమైన ప్రశ్నే. ఇంటికొచ్చి ఫోన్లో నాన్నకు చెప్పాను. యాభై ఏళ్లు ఆ కొండను చూసి పడవ నడిపిన మనిషి, ఒక్కసారి కూడా దాని దగ్గరకు పోలేదు. డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులు. అయినా ఆదివారం తెల్లారేసరికి తెల్ల చొక్కా వేసుకుని బాపట్ల బస్టాండులో నాకంటే ముందే నిలబడి ఉన్నాడు.

ఆటో మమ్మల్ని ఉత్తరం వైపు దింపింది. అక్కడ రాళ్ల క్వారీ ఉంది. చెట్ల ఆకులన్నీ పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. నాన్న తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఇది కాదే," అన్నాడు.

"ఇదే నాన్నా. మ్యాపులో చూశాను."

"కాదంటన్నానా. నాకు తెలవదా?"

ఆయన మొహం చూస్తే భయమేసింది. ఇన్నేళ్లూ లేని కొండను చూశానేమో అన్నట్టు బిక్కమొహం పెట్టాడు. మేకలు తోలుకుంటూ పోతున్న ఒకామె మా వాదన విని ఆగింది. నా వయసే ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చామో కనుక్కుని, "అయితే మీరు చూసేది తూర్పు మొహం. ఇది భుజం. నాతో రండి బాబాయ్," అంది.

తుమ్మ, బలుసు పొదల మధ్య మేకల దారిన గంటసేపు నడిచాం. నాన్న నాలుగుసార్లు కూర్చున్నాడు. దారిలో రెండు శిఖరాల మధ్య పల్లంలో ఒక నీటిగుంట చూపించిందామె. ఎండాకాలంలో కూడా మేకలకు అదే ఆధారమట. పొట్టి కొండ మీద పడ్డ వాననీళ్లు రాళ్ల సందుల్లోంచి దిగి అందులోకి ఊరతాయట. తూర్పుకు తిరిగాక నాన్న ఒకచోట ఆగిపోయాడు. రెండడుగులు వెనక్కి వేశాడు, పక్కకు జరిగాడు, మోకాళ్ల నొప్పి మరిచిపోయి గొంతుక్కూర్చున్నాడు. ముందున్న పొద అడ్డం వచ్చి పొట్టి శిఖరం కనపడకుండా పోయేదాకా అలా సర్దుకున్నాడు.

"ఇదిగో. ఇప్పుడు లోతులో ఉన్నాం," అన్నాడు. లేచి నిలబడి, "ఇప్పుడు ఒడ్డుకొచ్చాం," అన్నాడు.

మేకలామె పడీపడీ నవ్వింది. "మేం తల్లీపిల్ల అంటాం. పెద్దది తల్లి, చిన్నది పిల్ల," అని చెప్పింది. మా పేరు చెబితే మూతికి కొంగు అడ్డం పెట్టుకుని మళ్లీ నవ్వి, "అదీ బానే ఉందిలే," అంది. నా నంబరు తన ఫోన్లో 'సముద్రం టీచరు' అని ఎక్కించుకుంది.

రెండు పేర్లూ చేర్చి, నీటిగుంట సంగతి రాసి, మళ్లీ బాపట్ల వెళ్లాను. ఈసారి టీచర్లందరూ ఉన్నారు. పెద్దాయన చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చాలా శ్రమపడ్డారమ్మా. కానీ ఈ మాట పిల్లల పుస్తకంలో ఎలా వేస్తాం?"

"ఏ మాటండీ?"

ఆయన అనలేకపోయాడు. పక్కనున్న మాస్టారు కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"చన్ను అన్నదేనా? పిల్లలు ఏం తాగి పెరిగారండీ?"

"అది కాదమ్మా. మర్యాద అనేది ఒకటుంటుంది కదా."

"పోనీ, తల్లీపిల్ల అని వెయ్యండి. దాన్లో అమర్యాదేం లేదుగా."

"మేకలు కాసుకునేవాళ్లు ఒకటంటారు, చేపలు పట్టుకునేవాళ్లు ఒకటంటారు. ఏది ప్రామాణికం? అందుకని నేనే ఒక మంచి పేరు ఆలోచించాను." కాగితం తీసి చదివాడు. "ఏకశృంగగిరి. పూర్వం ఒక మహర్షి ఒంటికాలి మీద తపస్సు చేస్తే, ఆయన పేరున వెలసిన ఒకే ఒక శిఖరం."

"అక్కడ ఆ పేరు ఎవరంటారండీ?"

"ఇక మీదట అంటారు."

అంత చల్లగా అన్నాడు. నేను పదేళ్లప్పుడు చూసింది, మా నాన్న యాభై ఏళ్లు చూసింది, ఆయన ముందు ఆయన తండ్రి చూసింది, అంతా ఆ రెండు మాటలతో తుడిచేశాడు. అక్కడున్న నలుగురు టీచర్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. నా ఆరు పేజీలూ చేతిలోకి తీసుకుని, "నా పేరు మీ పుస్తకంలో వెయ్యొద్దు," అని చెప్పి వచ్చేశాను. తెనాలి బస్సెక్కాను. ఒక్కటైనా గట్టిగా అనకుండా వచ్చానే అని దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

రెండు నెలలకు మా స్కూలుకు ఆ పుస్తకాల కట్ట వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో విప్పాను. 'ఏకశృంగగిరి: ఒకే శిఖరం గల పుణ్యపర్వతం.' మహర్షి ఉన్నాడు, ఒంటికాలు ఉంది, పుట్ట ఉంది. సముద్రం లేదు. పిల్లకొండ లేదు. చివరి పేజీలో పుస్తకం తయారుచేసినవారి పేర్లున్నాయి. నాలుగోది నాదే.

ఫోన్ చేస్తే పెద్దాయన నొచ్చుకున్నట్టు మాట్లాడాడు. "మీ కష్టం ఊరికే పోకూడదని వేశామమ్మా. మీరు సంతోషిస్తారనుకున్నాం."

ఆ రోజే లైబ్రరీలో కూర్చుని ప్రతి కాపీలోనూ నా పేరు మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టాను. పుస్తకాలు పాడుచేశానని హెడ్మాస్టర్ మెమో ఇచ్చారు. పాడైన పుస్తకాలే వచ్చాయండీ అని జవాబు రాసిచ్చాను. ఆ కాగితం ఆయన ఫైల్లో పెట్టలేదు, నాకు తిరిగివ్వలేదు.

ఊరెళ్లి నాన్నకు చెబితే ఆయనకు కోపమే రాలేదు. అది నన్ను ఇంకా మండించింది.

"దాని పేరు దానికి తెలుసా ఏంటి? మేం పిలిచేది మేం పిలుస్తాం. నీకెందుకే అంత మంట?"

"నీకు రాకపోబట్టే నాకొస్తంది," అని అరిచాను. ఆయన లేచి వల బాగుచేసుకోవడానికి పోయాడు. నెల్లాళ్లు సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత ఒకరోజు బడిలో ఉండగా మేకలామె ఫోన్ చేసింది.

"టీచరమ్మా, మెషిన్లు ఇటు తిరిగినయ్. పిల్ల మీదకు దారేస్తన్నారు. ఇదేందని అడిగితే నోటీసు వేశాం, మీటింగు పెట్టాం, మీరెవరూ రాలేదు, అయిపోయిందంటన్నారు."

"నోటీసు మీరు చూడలేదా అక్కా?"

"చూశాం. పంచాయతీ గోడకే అంటించారు. మా కోడలు చదివింది కూడా. అది మా కొండ సంగతి కాదు తల్లీ. ఎక్కడిదో గిరంట."

సెలవు పెట్టి వెళ్లాను. గోడ మీద నోటీసు ఇంకా ఉంది, సగం చిరిగి. క్వారీని ఎంతవరకు పెంచుతారో సర్వే నెంబర్లతో రాసి, కింద ఇలా ఉంది: 'ఏకశృంగగిరికి ఆనుకుని ఉన్న పేరులేని రాతిగుట్ట.'

తల్లీపిల్ల అని రాసి ఉంటే ఆ ఊరు ఊరంతా కదిలేది. పేరులేని గుట్ట కోసం ఎవరు కదులుతారు? అక్కడ ఎవరికీ తెలియని పేరొకటి పెద్దదానికి తగిలించారు, చిన్నదానికి ఉన్న పేరు పీకేశారు. ఇంక అడ్డమెవరు?

క్వారీ అనుమతులు చూసే ఆఫీసుకు పోయాం, నేనూ, మేకలామె, ఆమె కోడలూ. కుర్చీలో ఉన్న ఆఫీసరు కుర్రవాడే, మర్యాదగా కూర్చోబెట్టాడు.

"రెండు శిఖరాలూ ఒకే కొండండీ," అన్నాను. "దానికి పేరుంది. మీరు పేరులేని గుట్ట అని రాశారు. అందుకే వీళ్లకు అర్థం కాలేదు."

"సర్వే నెంబరు వేశాంగా మేడమ్."

"మీ ఇంటి సర్వే నెంబరు మీకు తెలుసా?"

ఆయన సొరుగు లాగి ఒక పుస్తకం తీశాడు. అదే పుస్తకం. పేజీ తిప్పి నా ముందు పెట్టాడు. "ఒకే శిఖరం అని మీ టీచర్లే రాశారు కదండీ. పేర్లు రాసేటప్పుడు మేం కూడా ఇలాంటివే చూస్తాం." చివరి పేజీకి తిప్పి వేలు పెట్టాడు. "ఇందాక మీరు చెప్పిన పేరు... ఇది మీరేనా?"

మేకలామెకు చదువు రాదు. ఆమె కోడలికి వచ్చు. ఆ పిల్ల వంగి చదివి, నా వైపు చూసిన చూపు నేను బతికున్నంతకాలం మరిచిపోను. తిట్టినా బాగుండేది.

అప్పటిదాకా నాకున్నది పేరు పోయిందన్న కోపం. మర్యాద గల కోపం. ఆ క్షణంలో వచ్చింది వేరే. నా సంతకం లేకుండా, నా చేతులతోనే, ఆమె మేకల నీళ్ల మీద మట్టి పోయించారు. ఆ మెత్తని గొంతు, ఆ కాఫీ, 'మీరు సంతోషిస్తారనుకున్నాం' అన్న ఆ మాట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ బల్ల మీదే తెల్లకాగితం అడిగి తీసుకుని రాశాను. నా పేరు నేను వద్దన్నాక వేశారని, అందులో రాసింది అబద్ధమని, రెండు శిఖరాలకూ పేర్లున్నాయని. నా ఆరు పేజీలూ, మూడు బొమ్మలూ జతచేశాను. మేకలామె వేలిముద్ర వేసింది. కోడలు ఆ కాగితం మొత్తం రెండుసార్లు చదివాకే సంతకం పెట్టింది. మంచి పని చేసింది.

ఆఫీసరు మళ్లీ మీటింగు పెట్టడానికి ఒప్పుకున్నాడు. కొత్త నోటీసులో తల్లీపిల్ల అని రాశారు. ఊరు ఊరంతా వచ్చింది. స్కూలు ఆవరణలో షామియానా వేశారు. నేను చెప్పకుండానే మా నాన్న వచ్చాడు, తన ఈడు వాళ్లను ఇంకో ముగ్గుర్ని ఆటోలో ఎక్కించుకుని.

మేకలామె మైకు పట్టుకుని నీటిగుంట సంగతి చెప్పింది. క్వారీ తరఫున వచ్చిన పెద్దమనిషి బోరు వేయిస్తామన్నాడు. "మా మేకలు స్విచ్చేసుకుంటయ్యా?" అని అడిగింది. తర్వాత నాన్న లేచాడు. ఆ పెద్దమనిషి అడ్డం తగిలాడు.

"సముద్రం మీద బతికేవాళ్లకు ఈ గుట్టతో సంబంధమేంటండీ?"

నాన్న మైకు తీసుకోలేదు. సముద్రంలో ఈ పడవ నుంచి ఆ పడవకు కేకేసే గొంతు ఆయనది.

"చెబుతానయ్యా. ఒకసారి గాలివానలో మా ఇంజను చచ్చిపోయింది. నేను, మా బావమరిది, ఇంకొకాయన. నీళ్లు అయిపోయినయ్. రెండు రోజులు ఎటు కొట్టుకుపోయామో తెలవదు. మూడో రోజు పొద్దున తెరిపిచ్చింది. పడమట ఒకటి కనపడింది. ఇంక తెడ్లు వేశాం. చేతులు పుండ్లయినయ్. ఎంత వేసినా ఒకటే. మధ్యాహ్నానికి దాని పక్కన రెండోది తేలింది, ఇదిగో, మీరు పగలగొడతానంటన్న ఇదే. అది చూసి మా బావమరిది ఏడ్చాడు. సాయంత్రానికి ఒడ్డున పడ్డాం. ఇప్పుడు పిల్లలు ఫోన్లో దారి చూసుకుంటన్నారు, నిజమే. ఆ ఫోను తడిసిపోయిన రోజున నువ్వొచ్చి దారి చూపిస్తావా?"

ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పి ఉండడు. నెల్లాళ్లు ఆయనతో మాట్లాడకుండా ఉన్నదాన్ని, షామియానా కింద నిలబడి విన్నాను.

మీటింగు అయిపోయాక గుమాస్తా రాసుకున్నది చదివి వినిపించమని పట్టుబట్టాను. ఊరివాళ్లందరి మాటలూ ఉన్నాయి. మా నాన్న దగ్గరకొచ్చేసరికి, 'స్థానికంగా సంబంధం లేని కొందరు వ్యక్తులు కూడా మాట్లాడినారు' అని ఉంది. అంతే.

"కొట్టెయ్యండి," అన్నాను.

"మేడమ్, ఇది ఫార్మాట్..."

"కొట్టేసి, ఆయన చెప్పింది రాయండి. మొత్తం."

ఆఫీసరు తల ఊపాడు. గుమాస్తా రాయడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి ఒక్కో మాటా చెప్పాను. కొండ పేరు దగ్గర ఆయన పెన్ను ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. "పాలకొండ అని రాయనా మేడమ్? అర్థం అదేగా."

"కాదు. ఒంటిచన్ను కొండ. రాయండి."

"ఆఫీసు కాగితాల్లో..."

"రాసేదాకా నేను ఇక్కడి నుంచి కదలను."

ఎవరూ నవ్వలేదు. మేకలామె కోడలు వచ్చి నా పక్కన నిలబడింది. ఆయన రాశాడు. 'న్ను' కింద ఒత్తు సరిగ్గా పడలేదు, దిద్దించాను.

నిర్ణయం ఇంకా రాలేదు. పిల్లకొండ మీదకు వేస్తున్న దారి పని ఆగింది కానీ, ఉత్తరం వైపు పాత క్వారీ రోజూ నడుస్తూనే ఉంది. సంఘం పెద్దాయన రెండో ముద్రణలో పరిశీలిస్తామని కబురు పంపాడు. నేను జవాబివ్వలేదు. మొన్న తెనాలి స్టేషన్లో ఎదురుపడి, "ఇంకా కోపంగానే ఉన్నారా అమ్మా?" అని అడిగాడు.

"ఉన్నానండి," అని బండెక్కాను.